హనుమకొండ ముద్ర

టెక్సాస్‌లో మేముండే ఇర్వింగ్ ఊళ్ళో స్టాంపుల క్లబ్బు నెలకు రెండు సోమవారాలు ఒక చర్చి వెనక హాల్లో కూడేది. సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చి, త్వరగా అన్నం తిని, ఆల్బమ్ చంకలో పెట్టుకుని బయల్దేరుతుంటే మా ఆవిడ "బడికి పోతున్నరా?" అని నవ్వేది. నిజంగా అది బడిలాగే ఉండేది. మడత కుర్చీలు, పొడుగాటి బల్లలు, మూలన పెద్ద స్టీలు పాత్రలో కాగే కాఫీ, దాని పక్కన ఎవరో ఒకరు ఇంట్లో చేసి తెచ్చిన కుకీలు. వచ్చేవాళ్ళలో చాలామంది ఉద్యోగాల నుంచి రిటైరైనవాళ్ళు. ఒకాయన ఓడల బొమ్మలున్న స్టాంపులే పోగేసేవాడు. ఒకావిడకు పూలు తప్ప ఇంకేవీ అక్కర్లేదు. పట్టకార్లతో స్టాంపులు అటూ ఇటూ తిప్పి చూసుకుంటూ, ఒకటికి రెండున్నవి మార్చుకుంటూ ఇంటి సంగతి మరిచిపోయేవాళ్ళం.

నేను చేరింది డెబ్బై ఏడు చివర్లో. వంతెనలు డిజైన్ చేసే ఆఫీసులో ఇంజినీరుని. టెక్సాస్ వచ్చి అప్పటికి కొన్నేళ్ళయినా నాకు తెలిసింది ఆఫీసు, ఇల్లు, మధ్యలో హైవే. లైబ్రరీ గోడ మీద క్లబ్బు వాళ్ళు అంటించిన కాగితం చూసి మొదటిసారి వెళ్ళినప్పుడు తలుపు దగ్గరే కాసేపు తటపటాయించాను. లోపల అందరూ తెల్లవాళ్ళే. ప్రెసిడెంటు ఒక పెద్దావిడ, స్కూల్లో చరిత్ర పాఠాలు చెప్పి రిటైరైన మనిషి. లేచి వచ్చి నా చేతిలో ఆల్బమ్ చూసి, "రండి, రండి. ఆల్బమ్ పట్టుకొచ్చినవాళ్ళు ఇక్కడ కొత్తవాళ్ళు కారు" అంది.

నావి నిజాం స్టాంపులు. మా హనుమకొండ నిజాం రాజ్యంలో ఉండేది. ఆ రాజ్యానికి సొంత తపాలా, సొంత స్టాంపులు ఉండేవి. పాత స్టాంపుల మీద ధర నాలుగు భాషల్లో అచ్చయి ఉంటుంది, అందులో తెలుగు ఒకటి. వాటి మీద పడ్డ తపాలా ముద్రలు మాత్రం ఎక్కువగా ఉర్దూలో ఉంటాయి. నేను చిన్న తరగతులు ఉర్దూలోనే చదువుకున్నాను కాబట్టి ఆ ముద్రలు చదవగలిగేవాణ్ణి. ప్రెసిడెంటు భూతద్దం పెట్టి ఒక స్టాంపు చూసి, "ఇందులో మీ భాష ఏది?" అని అడిగింది. చూపించాను. ఆమె అందరినీ కేకేసి పిలిచింది. ఒకరి తర్వాత ఒకరు బల్ల మీదకు వంగి గోరంత కాగితం మీద ఉన్న నా భాషను చూసి వెళ్ళారు. ఆ రోజు ఇంటికి వస్తూ కారు అద్దాలు దించుకుని హాయిగా నడిపాను.

ఏటా వసంతంలో ఒక శనివారం సభ్యుల పోటీ జరిగేది. దాన్ని వాళ్ళు స్నేహపూర్వక పోటీ అనేవాళ్ళు. జడ్జీలు లేరు. ఒక్కొక్కరు తమ సేకరణలోంచి కొన్ని పేజీలు తయారుచేసి, హాల్లో నిలబెట్టిన అద్దాల చట్రాల్లో అమర్చాలి. సభ్యులే తిరిగి చూసి, చీటీ మీద ఒక పేరు రాసి ఖాళీ కాఫీ డబ్బాలో వేస్తారు. గెలిచినవాళ్ళకు ఒక నీలం రిబ్బను, గోడకు తగిలించిన చెక్కపలక మీద చిన్న ఇత్తడి రేకుపై పేరు. గెలిచినందుకు వచ్చే మీటింగుకి కేకు తేవలసింది కూడా వాళ్ళే. నియమం ఒక్కటే. దాన్ని ప్రెసిడెంటు ఏటా పైకి చదివి వినిపించేది. మనం చూపించే వస్తువు గురించి మనకు తెలిసింది దాచకూడదు. చిరిగితే చిరిగిందనీ, అనుమానం ఉంటే అనుమానమనీ పేజీ మీదే రాయాలి.

నేను ఒక ఏడు మూడో స్థానంలో, తర్వాతి ఏడు రెండో స్థానంలో వచ్చాను. రిబ్బను కంటే నాకు ఆ పేజీలు తయారుచేయడమే ఇష్టం. శనివారాలు డైనింగ్ టేబుల్ మీద టైపు మిషను పెట్టుకుని ఒక్కో స్టాంపు కింద రెండేసి వాక్యాలు కొట్టుకునేవాణ్ణి.

ఆ రోజుల్లోనే డాక్టరు పరిచయమయ్యాడు. ఉగాదికి మన తెలుగువాళ్ళం కొన్ని కుటుంబాలం ఒకచోట చేరితే అక్కడ కలిశాడు. తెనాలి వైపు మనిషి, ఆపరేషన్లప్పుడు మత్తిచ్చే డాక్టరు. నాకంటే నాలుగైదేళ్ళు చిన్న. గొంతు ఎప్పుడూ పైకి లేచేది కాదు. ఎంత పెద్ద విషయమైనా పక్కన కూర్చుని నెమ్మదిగా చెప్పేవాడు. నన్ను "అన్నగారూ" అనేవాడు, నేను "డాక్టర్ సాబ్" అనేవాణ్ణి. మా రెండో అమ్మాయి పుట్టినప్పుడు అతని భార్య మా ఇంట్లో వారం రోజులుండి వంట చేసింది. మా పెద్దది వాళ్ళింట్లోనే స్కూలు హోంవర్కు చేసుకునేది. దేశంలో తోబుట్టువులు ఎలాగో ఇక్కడ మాకు వాళ్ళు అలాగ.

నేనే అతన్ని క్లబ్బుకి తీసుకెళ్ళాను. మొదట కాలక్షేపానికని వచ్చాడు. తర్వాత పక్షుల స్టాంపులు పోగేయడం మొదలుపెట్టాడు. పట్టకారు పట్టడం, అంచుల పళ్ళు లెక్కపెట్టడం, జిగురు చెడకుండా పేజీకి అంటించడం నేనే నేర్పించాను. క్లబ్బులో ఎవరికైనా అతన్ని పరిచయం చేసేటప్పుడు భుజం మీద చెయ్యేసి "మై స్టూడెంట్" అనేవాణ్ణి. అందరూ నవ్వేవాళ్ళు. అతనూ నవ్వేవాడు.

క్లబ్బుకి వెళ్ళేటప్పుడు ఒకే కారు. ఒక సోమవారం నా కారు, ఇంకో సోమవారం అతనిది. ఆ ప్రయాణం నాకు క్లబ్బు కంటే ఇష్టంగా ఉండేది. వారమంతా ఆఫీసులో ఇంగ్లీషు మాట్లాడి మాట్లాడి దవడలు నొప్పెట్టేవి. కార్లో తలుపు వేసుకున్నాక అతను తెనాలి తెలుగు, నేను హనుమకొండ తెలుగు. నోటికొచ్చింది మాట్లాడుకునేవాళ్ళం.

ఎనభైలో, చలికాలం ముందు, డల్లాస్‌లో జరిగిన స్టాంపుల అమ్మకంలో నాకొక పాత కవరు దొరికింది. అమ్మే అతనికి దాని మీద ఏముందో తెలియదు. ఇంటికి తెచ్చి కిటికీ దగ్గర కూర్చుని భూతద్దంతో చూశాను. స్టాంపు మీదా, కవరు మీదా సగం సగం పడేటట్టు గుండ్రటి నల్ల ముద్ర. లోపల ఉర్దూ అక్షరాలు. రెండుసార్లు తప్పు చదివి మూడోసారి పోల్చుకున్నాను. హనుమకొండ. మా ఊరి తపాలా ముద్ర, వందేళ్ళ నాటిది. అంత పాత హనుమకొండ ముద్రను నేను అంతకుముందు ఎక్కడా చూడలేదు, ఉందని వినలేదు.

మా ఆవిడ తర్వాత నేను చెప్పింది డాక్టరుకే. ఫోన్ చేసిన అరగంటలో వచ్చేశాడు. చొక్కా చేతులు మడిచి, కవరును ముట్టుకోకుండా, వంగి చాలాసేపు చూశాడు.

"అన్నగారూ, ఇది పెడితే ఈసారి ఇంకెవరూ నిలబడరండీ" అన్నాడు.

మా ఆవిడ పకోడీలు వేసింది. ఆ కవరును బల్ల మధ్యలో పెట్టుకుని, నూనె చేతులు దానికి తగలకుండా దూరంగా కూర్చుని తిన్నాం.

నెల తిరిగాక అనుమానం మొదలైంది. కొత్త దీపం కొనుక్కుని దాని కింద చూస్తుంటే, ముద్ర గీత స్టాంపు మీద కాస్త లావుగా, కవరు మీదకు వచ్చేసరికి సన్నగా కనిపించింది. ఒకే దెబ్బతో కొట్టిన ముద్ర అలా ఉండకూడదు. ఎవరో తర్వాత కలంతో గీసి కలిపారేమో. కాగితం తేడా వల్ల కూడా సిరా అలా పాకవచ్చు. తేల్చుకోలేక కొన్నాళ్ళు మథనపడ్డాను. ఒక సోమవారం కార్లో అతనికి చెప్పాను.

"డాక్టర్ సాబ్, ఒక మాట చెప్త. మీ దగ్గరనే ఉంచుకోండ్రి. ఆ కవరు మీద నాకు డౌటొస్తున్నది."

గీత సంగతి వివరించాను. శ్రద్ధగా విన్నాడు. ఎరుపు లైటు దగ్గర కారు ఆగినప్పుడు నా వైపు తిరిగి, "ఎవరికీ చెప్పనండీ. మీరు అప్‌సెట్ అవకండి" అన్నాడు.

పోటీకి పేజీలు తయారుచేస్తున్నప్పుడు ఆ కవరు కింద ఒక వాక్యం కొట్టాను. ముద్ర అసలుదో కాదో నాకు సందేహం, పరీక్షకు పంపవలసి ఉంది అని. ఆ శనివారం అతను మా ఇంట్లోనే ఉన్నాడు. పేజీ చదివి తల అడ్డంగా ఊపాడు.

"ఈ లైను తీసేయండి అన్నగారూ. మీకే కన్ఫర్మ్‌గా తెలియనిదాన్ని మీరే ఎందుకు చెడగొట్టుకుంటారు? డౌట్ ఉన్నంత మాత్రాన ఫేక్ అయిపోదు కదా. ఈ లైను చూస్తే ఒక్కడు కూడా ఓటెయ్యడు."

"రూలుంది గదా."

"తెలిసింది రాయమన్నారు. మీకు తెలిసిందేముంది, అనుమానమే కదా. ముందు పోటీ కానివ్వండి, తర్వాత పరీక్షకి పంపుకోండి."

అతను చెప్పే తీరే అంత. నాకు సబబుగానే తోచింది. ఆ పేజీ తీసేసి, ఆ వాక్యం లేకుండా ఇంకోటి కొట్టాను. కాగితం సమంగా పట్టి మిషన్లో ఎక్కించి ఇచ్చింది కూడా అతనే.

పోటీ రోజు ఉదయం చట్రాల్లో పేజీలు అమరుస్తుంటే ప్రెసిడెంటు వచ్చి, "మీతో ఒక నిమిషం" అంటూ హాలు పక్కనున్న వంటగదిలోకి తీసుకెళ్ళింది. కాఫీ పాత్ర గుర్రుమంటోంది. ఆమె ముఖం ఇబ్బందిగా ఉంది.

"ఆ కవరు మీద మీకేమైనా సందేహం ఉందా?" అని అడిగింది.

అబద్ధం చెప్పడం నాకు చేతకాదు, అందులోనూ ఆమెతో. "ఉంది" అన్నాను.

"మరి పేజీ మీద ఎందుకు రాయలేదు?"

ఏం చెప్పను? పక్కన అతనుండి వద్దన్నాడని ఎలా చెప్పను? ఆమె "మిమ్మల్ని తీసేయమని అనడం లేదు. ఏం చేస్తారో మీరే నిర్ణయించుకోండి" అంది.

హాల్లోకి వచ్చి నా పేజీలన్నీ విప్పడం మొదలుపెట్టాను. ఒక్క కవరు పేజీ తీసేస్తే సరిపోయేది. కానీ ఆ గదిలో నిలబడి నా పేజీల పక్కన నవ్వుతూ మాట్లాడగలిగే స్థితిలో నేను లేను. డాక్టరు పరుగున వచ్చాడు.

"ఏమైందండీ? ఎందుకు తీసేస్తున్నారు?"

చెప్పాను. అతను నుదురు చిట్లించి చుట్టూ చూశాడు. "ఎవరో కుళ్ళుబోతు అయ్యుంటాడు. మనవాళ్ళు పైకొస్తే ఓర్వలేనివాళ్ళు ఎక్కడైనా ఉంటారు" అని గొణిగాడు. నా పెట్టె మోసుకుని కారు దాకా వచ్చాడు. "నేను కూడా తీసేసి మీతో వచ్చేయనా?" అని అడిగాడు. వద్దన్నాను. అతని పక్షుల పేజీలు బాగా కుదిరాయి, అవి ఆగకూడదని లోపలికి పంపించాను. ఓట్ల వేళకు నేనూ తిరిగి వచ్చి కూర్చున్నాను. నా చీటీ మీద అతని పేరే రాశాను. అతను గెలిచాడు. అందరితో పాటు నిలబడి చప్పట్లు కొట్టాను.

ఎవరు చెప్పి ఉంటారా అని నేను ఆలోచించిన ప్రతిసారీ నా అనుమానం ఒకే మనిషి మీదకు వెళ్ళేది. విమానాల మెకానిక్‌గా చేసి రిటైరైన ఒక ముసలాయన ఉండేవాడు. ఎర్రటి మెడ, ముక్కుసూటి మాట. నా నిజాం స్టాంపులు చూసి ఒకసారి, "ఇవి స్టాంపులా, గోడకంటించే కాగితమా?" అన్నాడు. ఇలాంటివి అమ్మేవాళ్ళు అతనికి తెలుసు. డల్లాస్‌లో ఆ కవరు అమ్మినవాడే అతనికి ఏదో చెప్పి ఉంటాడని నిశ్చయించుకున్నాను. అతను పలకరిస్తే తల పంకించి పక్కకు పోయేవాణ్ణి. డాక్టరుతో అంటే, "అయ్యుండొచ్చండీ. అతని వాలకం అలాగే ఉంటుంది" అన్నాడు.

జూన్‌లో క్లబ్బు వాళ్ళందరం చెరువుగట్టున ఉన్న పార్కులో పిక్నిక్ పెట్టుకున్నాం. విపరీతమైన ఎండ. డాక్టరుకి డ్యూటీ ఉండి రాలేదు. నేను చెట్టు కింద బల్ల దగ్గర కూర్చుంటే ఆ మెకానిక్ పుచ్చకాయ ముక్కల ప్లేటుతో వచ్చి ఎదురుగా కూర్చున్నాడు. నేను నా ప్లేటు తీసుకుని లేచాను.

"కూర్చో" అన్నాడు. "ఏప్రిల్ నుంచి చూస్తున్నా, నన్ను చూస్తే లేచిపోతున్నావు. నేనేం చేశాను?"

"మీకు తెలుసు."

"తెలిస్తే అడగను."

నేను చెప్పాను, నా కవరు గురించి ప్రెసిడెంటుకు చెప్పింది మీరేనని తెలుసు అని. అతను పుచ్చకాయ గింజ ఒకటి గడ్డిలోకి ఉమ్మి నా ముఖంలోకి చూశాడు. అతనికి నిజంగానే ఆశ్చర్యంగా ఉంది.

"నేను కాదయ్యా. మీ డాక్టరు చెప్పాడు. పోటీకి రెండు రోజుల ముందు చట్రాలు తెచ్చిపెట్టడానికి వచ్చాం కదా, ఆవిడా నేనూ పార్కింగ్‌లో ఉంటే వచ్చి చెప్పాడు. ముద్ర గీత లావు సన్నం సంగతి అంతా చెప్పాడు. నువ్వు కావాలనే దాస్తున్నావని, తన పేరు బయటికి రానివ్వొద్దని అన్నాడు. మనకెందుకు, ఆ మనిషి సంగతి ఆ మనిషిని చూసుకోనీ అన్నాను నేను. ఆవిడ నియమం నియమమే అంది. నీకు తెలుసనుకున్నాను. మీరిద్దరూ ఒకే కార్లో వస్తారు కదా."

నేను కూర్చున్నాను. అతను పుచ్చకాయ ప్లేటు నా వైపు జరిపాడు. పిల్లలు నీళ్ళలో అరుస్తున్నారు. లావు సన్నం గీత గురించి నేను ఇంగ్లీషులో ఎవరికీ చెప్పలేదు. కార్లో, ఎరుపు లైటు దగ్గర, తెలుగులో చెప్పుకున్నాను. దాన్ని అతను ఇంగ్లీషులోకి మార్చి అప్పజెప్పాడు.

మరుసటి ఆదివారం ఉదయం వాళ్ళింటికి వెళ్ళాను. ఇంటి వెనక బెండ మొక్కలకు గొట్టంతో నీళ్ళు పెడుతున్నాడు. నన్ను చూసి నవ్వి, "రండి అన్నగారూ. కాఫీ తాగుదాం" అన్నాడు.

"పోటీకి ముందు పార్కింగ్‌ల మీరే చెప్పిండ్రా?" అని అడిగాను.

అతని నవ్వు ఆగింది. గొట్టం మొక్కల పాదులోకి వదిలేసి నిలబడ్డాడు. "ఎవరు చెప్పారు మీకు?"

"ఎవరు చెప్తే ఏంది. నిజమా కాదా?"

"నిజమేనండీ." గొంతు ఎప్పటిలాగే నెమ్మదిగా ఉంది. "రూల్ ఉంది కదా. రేపు పెద్ద షోలో ఎవరైనా పట్టుకుంటే మీకే కాదు, మన ఇండియన్స్ అందరికీ బ్యాడ్ నేమ్. మీ మంచికేనని చెప్పాను."

"ఆ లైను తీసెయ్యమన్నది ఎవరు?"

అతను తడి చేతులు చొక్కాకు తుడుచుకున్నాడు.

"మీరు తీసెయ్యమంటేనే తీసేసిన. కాగితం కూడా మీరే ఎక్కించిండ్రు. తర్వాత మనసు మారితే నాకు ఫోన్ చెయ్యొచ్చు గదా. రోజూ చేస్తరు."

నీళ్ళు పాదు నిండి కట్ట దాటి నా బూట్ల దగ్గరకు వస్తున్నాయి. అతను వాటినే చూస్తూ అన్నాడు: "మీకు చెప్తే మీరు ఆ లైను మళ్ళీ పెట్టేసేవారు. పెట్టినా మీరే గెలిచేవారండీ."

కోపంతో వచ్చిన మనిషిని, నీళ్ళు తగలకుండా ఒక అడుగు వెనక్కి వేశాను. అతనే మళ్ళీ అందుకున్నాడు.

"మూడేళ్ళ నుంచి అందరి ముందూ మై స్టూడెంట్, మై స్టూడెంట్ అంటున్నారు. హాస్పిటల్లో నేను చెయ్యెత్తితే సర్జన్ ఆగుతాడు. ఆ హాల్లోకి వచ్చేసరికి మీ స్టూడెంట్‌ని. ఒక్కసారి మిమ్మల్ని దాటాలనిపించింది. అంతే."

"నాతోని అంటే మానేసెటోన్ని గదా."

"మీరు నవ్వుతూ అంటున్నారు. ఏమని చెప్పమంటారు?"

"కారు దాకా నా పెట్టె మోసిండ్రు మీరు. కుళ్ళుబోతు ఎవడో అని మీ నోటితోనే అన్నరు."

దానికి మాత్రం అతను తల దించుకున్నాడు. అంతలో అతని భార్య వెనక తలుపు తీసి, "అన్నయ్యగారూ, ఉప్మా పెట్టేస్తున్నా, లోపలికి రండి" అంది. పని ఉందని చెప్పి వచ్చేశాను. ఆ ఇంట్లోంచి ఏమీ తినకుండా రావడం నాకు అదే మొదలు.

మా ఆవిడతో అంతా చెప్పాను. ఆమె పొయ్యి ఆపి వచ్చి కూర్చుంది. తర్వాత, "ఆయన చేసింది పాడుపని. కానీ ఆ పిల్ల ఏం చేసింది? ఆమెతోని మాట్లాడుడు బంద్ చెయ్యాల్నా నేను?" అని అడిగింది. వద్దన్నాను. వద్దనక ఏమంటాను? అందువల్ల మా స్నేహం తెగిపోవడానికి కూడా వీలు లేకపోయింది. పుట్టినరోజులకు, పండగలకు అతని ఎదురుగా కూర్చుని పులిహోర తినవలసి వచ్చింది. అతని పిల్లలు "అంకుల్" అని ఒళ్ళోకి ఎక్కేవాళ్ళు. అతను నన్ను మునుపటిలాగే అన్నగారూ అనేవాడు, నేను మాత్రం డాక్టర్ సాబ్ అనడం మానేశాను. ఏ పేరూ పెట్టకుండా మాట్లాడటం అలవాటు చేసుకున్నాను. క్లబ్బుకి నా కారు నాది, అతని కారు అతనిది. చూసేవాళ్ళకు ఏమీ జరగనట్టే ఉండేది.

ఆ కవరును పరీక్షకు పంపాను. శరదృతువులో ఫలితం వచ్చింది. స్టాంపు అసలుది, కవరు పాతదే, కానీ ఆ రెండూ ఒకచోటివి కావు. ముద్రలో ఊరి పేరున్న సగం కలంతో గీసింది. అంటే హనుమకొండ ముద్ర దొంగది. దానికి బాధపడ్డాను కానీ, అంతకంటే ఎక్కువ బాధ ఇంకొకటి. కవరు విషయంలో అతను చెప్పింది నిజమే అయింది. తెలిసినవాళ్ళతో ఈ సంగతి చెప్పుకుందామంటే, "మరి ఫేకే కదండీ, ఆయన చెప్పింది కరెక్టే కదా" అనేవాళ్ళు. అన్నారు కూడా. లైను తీయించినవాడే లైను లేదని చెప్పాడనే సంగతి ఎంత విడమరిచినా ఎవరికీ ఎక్కేది కాదు. రెండుసార్లు ప్రయత్నించి ఊరుకున్నాను.

మెకానిక్ ముసలాయనతో మాత్రం స్నేహం కలిసింది. నేను వెళ్ళి తప్పుగా అనుకున్నానని చెప్తే, "నా మొహమే అలాంటిది, మా ఆవిడా అదే అంటుంది" అన్నాడు. అతనూ ప్రెసిడెంటూ పట్టుబట్టి తర్వాతి వసంతంలో నా చేత మళ్ళీ పేజీలు పెట్టించారు. ఆ కవరును కూడా పెట్టాను. కింద ఉన్నదున్నట్టు రాశాను, ఏ గీత అసలుదో, ఏ గీత కలంతో గీసిందో బాణం గుర్తులతో చూపించి. జనం అక్కడే ఎక్కువసేపు ఆగి చూశారు. నేను నాలుగో స్థానంలో వచ్చాను. డాక్టరు కూడా ఆ పేజీ దగ్గర నిలబడ్డాడు. చివరికి నా దగ్గరకు వచ్చి, "బాగా రాశారు అన్నగారూ" అన్నాడు. థాంక్స్ అన్నాను ఇంగ్లీషులో.

ఆ తర్వాత స్టాంపు మీద ఏ అనుమానం వచ్చినా నేరుగా పేజీ మీదే రాయడం మొదలుపెట్టాను. ముందుగా ఒకరికి చెప్పుకోవడం అనేది మాత్రం మళ్ళీ జరగలేదు. మీటింగుకి ఒంటరిగా డ్రైవ్ చేసుకుంటూ వెళ్ళేటప్పుడు రేడియో పెట్టుకునేవాణ్ణి. ఎరుపు లైట్ల దగ్గర పక్క సీటు ఖాళీగా కనిపించేది. అతని మీద ద్వేషం అంటే, దాన్ని ద్వేషం అనలేను. నవ్వుతున్న మనిషి లోపల ఏముందో మూడేళ్ళు పక్కన కూర్చుని కూడా కనిపెట్టలేకపోయాననే భయం నాలో చేరింది. కొత్తగా ఎవరు దగ్గరవుతున్నా ఆ భయం అడ్డం వచ్చేది. ఆఫీసులో, గుడి కమిటీలో, చుట్టుపక్కల, మంచివాళ్ళు చాలామంది తారసపడ్డారు. ఎవరినీ ఒక గీత దాటి రానివ్వలేదు.

ఎనభై ఆరులో అతనికి హ్యూస్టన్‌లో ఉద్యోగం వచ్చింది. అప్పటికి క్లబ్బుకి అతనే ప్రెసిడెంటు. క్లబ్బులో వీడ్కోలు చెప్పిన వారం, తెలుగువాళ్ళం మా ఇంట్లో భోజనాలు పెట్టాం. మా ఇంట్లో ఎందుకంటే, ఆడవాళ్ళిద్దరూ అలాగే అనుకున్నారు. అందరూ వెళ్ళాక లోపల వాళ్ళిద్దరూ మిగిలిన కూరలు డబ్బాల్లో సర్దుకుంటున్నారు. నేను కారు దాకా వచ్చాను. మధ్యాహ్నపు ఎండ రోడ్డు మీద తళతళలాడుతోంది. అతను కారు తలుపు మీద చెయ్యి వేసి నిలబడ్డాడు.

"ఇంకా మనసులో ఉందా అన్నగారూ?"

"ఉన్నది" అన్నాను.

"పోతుందనుకున్నాను, ఇన్నేళ్ళలో."

"నేను గూడ అట్లనే అనుకున్న."

అతను ఇంకేదో అంటాడని చూశాను. ఆ అయిదేళ్ళలో నేను ఎదురుచూసింది ఒక చిన్న మాట. మీ మంచికే అన్నాడు, దాటాలనిపించింది అన్నాడు, బాగా రాశారన్నాడు. ఆ మాట మాత్రం అనలేదు. ఆ రోజూ అనలేదు. ఆడవాళ్ళు బయటికి వచ్చారు, కౌగిలించుకుని ఏడ్చారు. పిల్లలు వెనక సీట్లో ఎక్కి చేతులు ఊపారు. అతను కారు స్టార్ట్ చేసి, అద్దం దించి, "హ్యూస్టన్ రండి, తప్పకుండా" అన్నాడు.

వస్తానన్నాను. మా ఆవిడ వెళ్ళింది, చాలాసార్లు. నేను వెళ్ళలేదు.